ఒక్క మంచం

మా కోడలు నర్సు ఉద్యోగం మానేసి పదకొండేళ్లు. మానిపించింది ఎవరంటే, ఇంకెవరు, నేనే. మా ఆయనకు పక్షవాతం వచ్చిననాడు, "ఇంట్లో నర్సుండగా బయటివాళ్లెందుకమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటకే ఆ పిల్ల తెల్లబట్టలు మడిచి బీరువా అడుగున పెట్టేసింది. పదేళ్లలో ఆయన ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. నిరుడు ఆయన పోయారు. ముందుగదిలో మంచం మాత్రం అలాగే ఉంది. తీద్దామని ఎవరూ అనలేదు.

ఇప్పుడు కోడలు మళ్లీ ఆసుపత్రిలో నర్సు పనికి చేరింది. మూడు నెలలు పెద్ద సిస్టరు కళ్లముందు పనిచేయాలట. ఆవిడ సంతకం పెడితేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికే.

మూడో వారంలో ఒక సాయంత్రం వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్టు మీద కూలబడింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"ఒకరి మాత్ర ఇంకొకరి చేతిలో పెట్టేశాను అత్తయ్యా. కిటికీ పక్కావిడని పొద్దున తలుపు దగ్గరికి మార్చారు. నేను చూసుకోకుండా కిటికీ పక్క కొత్తావిడకి ఇచ్చేశాను. నోట్లో వేసుకోబోతుంటే చేతిపట్టీ మీద పేరు కనబడింది. లాక్కున్నాను."

"మింగలేదుగా? ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే నోరు మెదపకు. గండం గడిచింది."

అది నా మొహంలోకి చూసింది. "ముందు పేరడగాలి, పట్టీ చూడాలి. నర్సుకి మొదటిరోజు నేర్పే పాఠం అది. నేను మనిషినే చూడలేదత్తయ్యా, మంచం చూసి ఇచ్చాను. ఇన్నేళ్లూ ఇంట్లో ఉన్నది ఒక్క మంచమే కదా, ఎవరని అడిగే పనేముంది?"

ఆ మంచం దగ్గర నిలబెట్టింది నేనేగా.

మర్నాడు పొద్దున్నే పెద్ద సిస్టరుకి చెప్పేస్తానని బయల్దేరింది. "ఆవిడ సంతకం పెట్టదే పిచ్చిమొహమా" అంటూ గుమ్మం దాకా వెంటపడ్డాను.

"పెట్టకపోతే పోనీండి. రేపు ఎవరైనా మింగేస్తే?"

చెప్పేసింది. పెద్ద సిస్టరు రిజిస్టరులో రాసి, ఇంకో నెల పొడిగించిందట. మళ్లీ జరిగితే సంతకం మాటే ఎత్తొద్దందట.

ఆ సాయంత్రం నేనే ఆయన మంచమెక్కి పడుకున్నాను. "నా బీపీ మాత్ర పట్టుకురా. నేను రోగిననుకో."

నీళ్లూ మాత్రా తెచ్చింది. నా భుజం కింద చెయ్యి వేసి, "లేవండి మావయ్యా" అంది.

అన్నాక తనే నాలుక కరుచుకుని గ్లాసు కింద పెట్టేసింది.

"మావయ్య లేరమ్మా" అన్నాను. "నేనెవరో అడుగు."

కళ్లు తుడుచుకుంది. "మీ పేరు చెప్పండి."

"నీ అత్తని."

"అది పేరు కాదండీ."

చెప్పాను. పిన్నీ, అత్తయ్యా, నానమ్మా అని పిలిపించుకుని పిలిపించుకుని, నా పేరు నాకే పరాయివాళ్లదిలా వినబడింది.

"పుట్టిన తేదీ?"

"పెద్ద గాలివాన వచ్చిన ఏడు."

"అంత గాలివాన పట్టీ మీద పట్టదండీ."

"పెద్ద పట్టీ కట్టు!"

నవ్వింది. ఆయన పోయాక ఆ గదిలో నవ్వు వినడం అదే మొదలు. ఇక రోజూ రెండు పూటలా అదే పని. మావాడు మంచినీళ్లడిగినా "మీ పేరు చెప్పండి" అనేది. "నీ మొగుడినే తల్లీ" అని వాడు దండం పెట్టేవాడు.

నాలుగో నెల ఆఖరి రోజు, పెద్ద సిస్టరు వెనకే నిలబడి చూస్తోందట. వార్డులో ఒక కోపిష్టి డ్రైవరు తాత. "ఇరవై రోజులుగా చూస్తున్నావు, నా పేరు తెలీదా?" అని కసిరాడట.

"తెలుసు తాతగారూ. అయినా మీరే చెప్పాలి."

గొణుక్కుంటూనే చెప్పాడట. పట్టీ చూసి, అప్పుడు మాత్ర ఇచ్చింది. సాయంత్రం పెద్ద సిస్టరు మారుమాట లేకుండా సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి కోడలు ఆ కాగితం నా చేతికిచ్చింది. నాకొచ్చిన నాలుగక్షరాలతో కూడబలుక్కుని దాని పేరు చదివాను.

"ఆనాడు నేనా మాట అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాను.

"ఏ మాట?" అంది, అన్నీ తెలిసి. తర్వాత ముందుగది వైపు చూసి, "రేపు నాకు సెలవు. ఇద్దరం కలిసి ఆ మంచం విప్పేద్దాం అత్తయ్యా" అంది.