మామగారి గొంతున్న క్యాసెట్టు

“ఒక్క చొక్కా. దానికింత రాద్ధాంతమా?” అన్నారు మా ఆయన, ఇస్త్రీపెట్టె ప్లగ్గు చేత్తో పట్టుకుని.

“ఒక్కటైనా కరెంటు లాగేది లాగుతుంది. మొన్న అలాగే కంప్యూటర్ ఆగిపోయింది. ఇవాళ ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు నాది.”

“సరే, ముడతలతోనే ఆఫీసుకి పోతాను. అడిగితే మా ఆవిడ సినిమా తీస్తోందని చెప్తాను.”

“చెప్పండి. టికెట్లు కూడా అమ్ముకురండి.”

ఆయన విసురుగా వెళ్లిపోయారు. నాకు నవ్వు రాలేదు. కళ్లు బల్లమీది క్యాసెట్టు మీదే ఉన్నాయి.

అందులో మా మామగారి గొంతుంది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. అప్పటికి మా అమ్మాయి ఇంకా పుట్టలేదు. తాతయ్య గొంతు ఎలా ఉండేదని అది అడిగితే, గంభీరంగా ఉండేదంటారు మా ఆయన. “గంభీరమా నా మొహమా, ఎప్పుడూ కసురుడే” అంటారు అత్తగారు. ఆ గొంతు మిగిలింది రెండే వీడియో క్యాసెట్లలో. ఒకదాన్ని పాత కెమెరా పోయినవారం నమిలేసింది. మూత తీస్తే టేపంతా పేగుల్లా బయటికొచ్చింది.

మిగిలినదాన్ని షాపులో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కిద్దామన్నారు మా ఆయన. “వాడెవడో పోగొట్టి చేతులు దులుపుకుంటే ఎవర్ని అడుగుతావురా? కోడలు చదువుకుంది కదా, చేస్తుందిలే” అని తేల్చేశారు అత్తగారు.

కెమెరా బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అది అడాప్టర్ మీదే నడుస్తుంది. కెమెరా వైర్లను, బొమ్మనీ సౌండునీ కంప్యూటర్లోకి పంపే ఒక చిన్న డబ్బీకి గుచ్చి, ఆ డబ్బీని కంప్యూటర్‌కి తగిలించాను. క్యాసెట్టు ఆడినంతసేపూ కంప్యూటర్ ఎక్కించుకుంటూ ఉంటుంది. తొందరపెట్టడానికి లేదు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. మామగారు పిలవలేరు కనుక, ఏం కావాలన్నా గ్లాసు మీద చెంచాతో కొడతారు. అది వినబడాలని మా టీవీ ఎప్పుడూ గొణుగుతూనే ఉంటుంది. మిక్సీ వేస్తే ఒకరు ఆయన గది దగ్గర నిలబడాలి. ఏ యంత్రం ముందు కూర్చున్నా మొదట సౌండు తీసేయడం మా చేతులకు అలవాటైపోయింది. క్యాసెట్టును ఎక్కించుకునే కంప్యూటర్ ప్రోగ్రాములోనూ సౌండు అన్నచోట టిక్కు కనబడితే, ఆలోచించకుండానే తీసేసి మొదలుపెట్టాను.

తెర మీద తెల్లగీతల మధ్య మామగారు కనిపించారు. పెరట్లో నిలబడి, కెమెరా వైపు చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నారు. టేపు కీచుమన్నప్పుడల్లా నా వేలు ఆపేసే మీట మీదికి పోయేది. మధ్యలో చెంచా మోగింది. పరుగున వెళ్లి మంచినీళ్లిచ్చి, అంతే పరుగున వచ్చాను. టేపు ఇంకా తిరుగుతోంది. చివరిదాకా తెగకుండా ఆడాక గానీ కుర్చీలో వెనక్కి వాలలేదు.

ఎక్కినదాన్ని తెరిచి సౌండు పెంచాను. ఏమీ లేదు. ఇంకా పెంచాను. మామగారి పెదవులు కదులుతున్నాయి, అంతే. అప్పుడు వెలిగింది. నేను తీసిన టిక్కు స్పీకర్లది కాదు. గొంతును ఎక్కించుకోవాలా వద్దా అని అడిగేది.

అత్తగారు నా వెనకే నిలబడి చూస్తున్నారు. “మావాడు కెమెరా వంకరగా పట్టుకున్నాడని తిడుతున్నారు. ఆ మూతి నాకు తెలియదూ” అన్నారు. సౌండు లేదన్న సంగతి ఆవిడకింకా తట్టలేదు. మా ఇంట్లో అది వింత కాదు మరి.

మళ్లీ మొదటికి తిప్పబోతే, కెమెరాలోంచి గరగరమని శబ్దం వచ్చింది. మొదటి క్యాసెట్టును నమిలే ముందూ సరిగ్గా అదే శబ్దం. ఆపి బయటికి తీశాను. టేపు ఒక అంచున ముడుచుకుపోయి ఉంది. సాయంత్రందాకా ఏ పనీ చేతికి అంటలేదు.

రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నాక చెప్పేశాను.

“దానికోసం నన్ను ముడతల చొక్కాతో పంపావు” అన్నారు మా ఆయన. నా మొహం చూసి గొంతు తగ్గించారు. “పోనీలే. రేపు షాపులో ఇద్దాం.”

“షాపు వద్దని ముందే అన్నానా లేదా?” అన్నారు అత్తగారు.

“మళ్లీ వేస్తే తెగిపోతుందా అమ్మా?” అంది మా అమ్మాయి.

“తెగొచ్చు” అన్నాను.

మామగారు చెంచాతో కంచం మీద కొట్టారు. అందరం ఆగిపోయాం. ఆయన పెదవులు నెమ్మదిగా కదిలాయి. వాటిని తడుముకోకుండా చదవగలిగేది అత్తగారొక్కరే.

“భోజనాలయ్యాక మళ్లీ వెయ్యమంటున్నారు. ఇక్కడే, అందరి ముందూ. తెగితే తెగనీ, పిల్ల ఒక్కసారైనా వింటుందిట.”

“ఈసారి ఆ టిక్కు...” అంటూ మా ఆయన నా వైపు తిరగబోతే, మామగారు చెయ్యెత్తి ఆపారు. మళ్లీ పెదవులు కదిపి, చెంచాను తీసి మనవరాలి చేతిలో పెట్టారు.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. “సౌండు ఎంతుంటే అంత పెట్టమంటున్నారు. చెంచా కోసం ఎవరూ చెవి ఒగ్గక్కర్లేదుట. ఆయనా మన పక్కనే కూర్చుంటారుట.”