ఆరు పాయింట్ ఎనిమిది

పెద్దపేగులో గడ్డ కోసి తీసేసి ఏడాదైంది. అప్పటినుంచీ మూడు నెలలకోసారి కాటా మాస్టారి రక్తం పరీక్షకు పోతుంది. జబ్బు మళ్లీ తల ఎత్తుతోందేమో చెప్పే అంకె ఒకటి వస్తుంది, సీఈఏ అని. అది ఐదు లోపుంటేనే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగుతుంది.

పోయినసారి మూడు. ఈసారి ఆరు పాయింట్ ఎనిమిది.

ఇక చూడండి సంబడం! భార్య గోడకు చేరగిలబడింది. కూతురు ఫోన్లో ఏదేదో చదివింది, దాని ముఖంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. బావమరిది పెద్దరికం నెత్తినేసుకుని, "ఇంక కొట్టు మూసేసి విశ్రాంతి తీసుకోండి బావా" అన్నాడు. మనిషి ఎదురుగా నిక్షేపంలా కూర్చుని ఉంటే, వీడి గొంతు పరామర్శకు వచ్చినవాడిలా ఉంది.

మాస్టారికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆయన పని తూనిక యంత్రాలు సరిచేయడం. కాటా తప్పు చూపిస్తోందని ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది ఒకటే: ఇంతకుముందు దేనిమీద తూచారు?

కాగితం లాక్కుని పైన రాసింది చూశాడు. "ఇది మన ల్యాబు కాదే! ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లింది మనవాళ్లే అనుకున్నానే!"

"అక్కడ లైన్లో నిలబడలేవని నేనే వేరేవాళ్లని పిలిచాను నాన్నా," అంది కూతురు.

"ఓసి పిచ్చితల్లీ! నిన్న ఒక కాటా మీద, ఇవాళ ఇంకో కాటా మీద తూచి, బరువు పెరిగిందని ఏడిస్తే నేనెవరికి చెప్పుకోను? పాత ల్యాబులోనే మళ్లీ తీయించండి. అంతదాకా నా ముందు ఎవరూ ముక్కు చీదకండి!"

బావమరిది ఏదో గొణగబోయాడు. "నువ్వు నోర్ముయ్" అన్నది మాస్టారు కాదు, వాడి అక్కే.

మర్నాడు పాత ల్యాబులో గంటన్నర నిలబడ్డాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు, పంతం! అక్కడి అమ్మాయి కూడా ల్యాబు మారిస్తే అంకెలు పోల్చకూడదనే చెప్పింది. ఆయన కూతురి వంక చూసి మీసం దువ్వాడు.

సాయంత్రం ఫలితం వచ్చింది. ఆరు పాయింట్ నాలుగు.

మాస్టారు పాత కాగితాలన్నీ మంచం మీద పరిచాడు. అన్నీ ఆ ల్యాబువే. రెండున్నర, రెండు పాయింట్ ఎనిమిది, మూడు, ఇప్పుడిది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"పెరిగింది, నిజమే. పదండి డాక్టరు దగ్గరికి," అన్నాడు.

స్కాన్‌లో కాలేయం మీద ఒక్క మచ్చ కనిపించింది. ఇంకా చిన్నదే, కోసి తీసేయొచ్చు అన్నాడు డాక్టరు. బావమరిది ఊరుకుంటాడా? "ఇలాంటివాళ్లు వందలో ఎంతమంది బతుకుతారండీ?" అని అడిగాడు, మనిషిని పక్కనే పెట్టుకుని.

డాక్టరు నోరు తెరిచేలోపే మాస్టారు చెయ్యెత్తాడు. "ఆగండి సార్. అది వందమందిని కలిపి తూచిన బరువు. నన్నొక్కణ్ణే తూచి చెప్పగలిగితే చెప్పండి."

"అలా ఎవరూ చెప్పలేరండీ."

"అయితే ఆ కాగితం ఇటివ్వండి."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆయన పెన్ను తీశాడు. కూతురు చెయ్యి పట్టుకుంది. "నాన్నా, వణుకుతోంది. కాసేపాగి పెడుదువుగాని."

"వణకదా మరి? భయమేస్తోంది. వణికితే వణకనీ," అన్నాడు. గీతలు వంకరపోయినా పేరు మొత్తం రాసి, కింద తేదీ కూడా వేశాడు.