తవ్వని మడి

మనిషి ఐదడుగులకు అంగుళం తక్కువ. జనం నోట్లో మాత్రం ‘ఆరడుగులు’. శ్మశానంలో గోతులు తవ్వేవాడికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు? పాతికేళ్ళు ఆ పేరుకి నవ్వుతూనే పలికాడు. నెలన్నర కిందట ఎనిమిదేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ గొయ్యి ఇంకొకరి చేత తవ్వించడానికి మనసొప్పక తనే తవ్వాడు.

ఆ రోజునుంచి భార్య నోరు విప్పలేదు. పూటకి నాలుగు గుక్కల పాలు, అవీ అతను గ్లాసు పెదాలకి ఆనిస్తేనే. “ఇలాగే ఉంటే మనిషి దక్కదు,” అని డాక్టరమ్మ చెప్పేసింది. బతిమాలాడు, కసిరాడు, కాళ్ళు పట్టుకున్నాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ ఉదయం పిల్ల పెన్సిల్ డబ్బాలో ఏడు చిక్కుడు గింజలు కనిపించాయి. “నాన్నా, పెరట్లో మడి చెయ్యవా?” అని ఎన్నాళ్ళు వెంటపడిందో. “రోజంతా తవ్వొచ్చి ఇంట్లోనూ తవ్వాలా తల్లీ? రేపు చూద్దాం,” అనేవాడు. ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఇప్పుడైనా తవ్వుదామంటే, పార చప్పుడు వింటే చాలు, భార్య చెవులు మూసుకుని మూలకి ముడుచుకుపోతోంది.

శ్మశానం గేటు దగ్గర పూలమ్మే ముసలమ్మకి చెప్పుకుని ఏడ్చాడు.

“తవ్వమని ఎవరన్నారు? గడ్డి మీదే అట్టపెట్టెలు విప్పి పరుచు. బాగా తడిపి, పైన జానెడు ఎరువు పొయ్యి. వెలుతురందక గడ్డి అడుగునే చస్తుంది. వేళ్ళ దారి వేళ్ళే చూసుకుంటాయి.”

“నిజంగా తవ్వక్కర్లేదా పెద్దమ్మా?”

“పాతికేళ్ళు తవ్వావు. ఏమన్నా మొలిచిందా?”

చెప్పుల దుకాణం వెనక అట్టపెట్టెలు అడిగి తెచ్చాడు. టేపులు పీకి, అంచు మీద అంచు వచ్చేలా పరిచి తడిపాడు. బకెట్లతో ఎరువు మోసి పోశాడు. అంచులు తిన్నగా దిద్ది, ఏడు గింజలూ నొక్కి, భార్యని రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చాడు.

ఆమె చూసి ఉన్నచోటే కూలబడింది. అప్పుడు అతనికీ కనిపించింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. టేపు పెట్టి కొలవలేదు, చేతులు నెలన్నర కిందట తవ్విన కొలతే వేసేశాయి.

“చూసుకోలేదే... ఒట్టు, చూసుకోలేదు!” అంటూ మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో ఎరువు చెరపబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

“తియ్యకు.”

నెలన్నరగా వాడని గొంతు, బొంగురుగా వచ్చింది. ఆమె పాక్కుంటూ వెళ్ళి, గోడకి ఆనించిన మిగతా అట్ట లాక్కొచ్చి మడి కొసన పరిచింది.

“ఇంకా పెంచు. ఇదన్నా ఎదగాలి కదా.”

అతను వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“నీళ్ళు తీసుకురా,” అంది.

అట్టకో, తాగడానికో తెలియలేదు. అడగడానికి భయమేసింది. బకెట్టూ గ్లాసూ రెండూ పట్టుకొచ్చాడు. ఆమె ముందు గ్లాసు అందుకుంది.