ఆయమ్మ నిలబడ్డ చోటు

దర్జీల నోట "రేపు" అనే మాటకు అర్థం ఎవరూ అడగరు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న ఈ దర్జీ ఆడమనిషే అయినా, ఆ విషయంలో మగవాళ్ళకేం తీసిపోదు. గుడ్డ మడత విప్పకుండానే "అయిపోయింది వదినా, కాజాలే మిగిలాయి" అనేది. అది అబద్ధమని చెప్పేదానికీ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. ఎవరి పరువూ పోకుండా రోజు గడిచిపోయేది. ఎదురింటావిడ ఓసారి ఉండబట్టలేక, "మావాడి బడి చొక్కా వాడికి మీసాలొచ్చేలోపు ఇస్తావా తల్లీ?" అంది. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, దర్జీ కూడా నవ్వింది. చొక్కా మాత్రం ఆ వారం కాలేదు.

దర్జీ కూతురు బడిలో చేరింది, బడులు తెరిచే గిరాకీ రోజుల్లోనే. గుండ్రటి మొహం చూసి తండ్రి దానికి గుండీ అని ముద్దుపేరు పెట్టాడు. ఆయన లారీ తోలుతాడు, ఇంట్లో ఉన్నదానికంటే రోడ్డు మీద ఉన్నదే ఎక్కువ. మొదటిరోజు గుండీ బడి గేటు ఊచలు పట్టుకుని వదిలితే ఒట్టు. ఇంటి దగ్గర చూస్తే కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టలుగా పడున్నాయి. దర్జీ నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చేస్తాగా. ఇక్కడే ఉంటా, చూడు."

పిల్ల ఊచలు వదిలేసింది.

గంట కొట్టేసరికి దర్జీ కాలర్లు తిరగేస్తోంది. పిల్ల అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా గేటు దగ్గరే నిలబడిందని సాయంత్రం బడి ఆయమ్మ చెప్పింది. దర్జీ నొచ్చుకుంది. నొచ్చుకుని, మర్నాడు మళ్ళీ అదే మాట చెప్పింది. చెప్పకపోతే పిల్ల కదలదు, పిల్ల కదలకపోతే పని తెమలదు. చెప్పేటప్పుడు నిజంగా వెళ్దామనే అనుకునేది పాపం. ఇదిగో అంటే ఆర్నెల్లు అన్నట్టు, ఆ మధ్యాహ్నం మాత్రం రానే రాలేదు.

వానలు వెనకబట్టేసరికి గుండీ ఏడవడం మానేసింది. గేటు దాకా వచ్చి, వెనక్కి చూడకుండా లోపలికి పోయేది. ఎంత తొందరగా అలవాటుపడిందో, బుద్ధిమంతురాలని ఎదురింటావిడ మెచ్చుకుంటే దర్జీకి కడుపు నిండినట్టుండేది. వచ్చేస్తాననడం తను మానలేదు. పిల్ల "ఊఁ" అనేది. ఆ "ఊఁ" ఎక్కడో విన్నట్టే ఉండేది గానీ, ఎక్కడా అని ఆలోచించే తీరిక దొరకలేదు.

ఏడాది చివర, పిల్లలు వేసిన బొమ్మలు పెద్దవాళ్ళకు చూపించే రోజొకటి పెట్టారు. ఎవరి బల్ల పక్కన వాళ్ళ మనిషి నిలబడాలి. దర్జీ ఈసారి గట్టిగానే అనుకుంది. ముందుగదికి తాళం వేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చెప్పిన వేళకే బడికి చేరింది.

తరగతి గుమ్మంలోనే ఆగిపోయింది. గుండీ బల్ల పక్కన ఆయమ్మ నిలబడి ఉంది. చీపురు గోడకానించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, బొమ్మకేసి వంగి చూస్తోంది. టీచరు ఎదురొచ్చి కాస్త మొహమాటపడింది. మీరు రారని మీ పాపే చెప్పిందండీ అంది. ముందే ఆయమ్మని అడిగి ఒప్పించుకుందట.

గుండీ తల్లిని చూసింది. దాని మొహం వెలగలేదు. ఒక్క కుర్చీ ఉన్న ఇంటికి ఇద్దరు చుట్టాలొచ్చినట్టు కంగారుపడింది. పరుగున వచ్చి, తల్లిని కిందికి వంచి, చెవిలో చెప్పింది.

"అమ్మా, నువ్వు నిజంగా వస్తావని తెలీదు. ఆయమ్మకి మాటిచ్చేశా. ఏమీ అనుకోకు, వెనకాల నిలబడతావా?"

పిల్ల గొంతులో అలకేమీ లేదు. ఆ గొంతు దర్జీకి బాగా తెలుసు. "ఫర్లేదులే, నీ పని నీకుంటుంది" అని చొక్కా లేకుండానే వెళ్ళిపోయేవాళ్ళ గొంతు అది. ఆ "ఊఁ" కూడా వాళ్ళదే. గేటు దగ్గర ఎదురుచూసినన్నాళ్ళూ పిల్ల తనని నమ్మింది. నమ్మడం మానేసిన రోజేదో దర్జీకి తెలీదు. ఈపూట ఏడవలేదని ఆరోజు తను సంబరపడి ఉంటుంది.

ఆయమ్మ పక్కకు జరగబోయింది. "రండమ్మా, ఇది మీ చోటు. మధ్యలో నేనెవర్ని?"

"ఉండు. నిన్నేగా పిలిచింది" అంది దర్జీ.

వెళ్ళి వెనకగోడ దగ్గర నిలబడింది. అక్కణ్ణించి బొమ్మ కనపడలేదు. ఆయమ్మ వీపూ, ఆ కొంగు చివర పట్టుకున్న పిల్ల చెయ్యీ కనపడ్డాయి.

ఇంటికి నడుస్తున్నంతసేపూ గుండీ కబుర్లు చెబుతూనే ఉంది. తను వేసిన ఏనుగును చూసి ఆయమ్మ దిండనుకుందట, కాదని తెలిశాక తొండం ఏదని వెతికిందట. దర్జీ నవ్వింది. వచ్చే ఏడు బొమ్మల రోజుకి కూడా వస్తావా అని అడుగుతుందేమోనని పిల్ల మొహంలోకి చూసింది. అడిగితే ఈసారి గభాలున అనెయ్యకూడదు, ఆలోచించి, చెయ్యగలిగిందే చెప్పాలి అని మలుపు మలుపుకీ అనుకుంది. అనుకుంటూ ఉండగానే వీధి చివరకొచ్చేశారు. గుండీ చెయ్యి విడిపించుకుని, ఆడుకోడానికి పోనా అని అడిగింది.

పొమ్మంది.