విప్పేసిన కాలర్లు

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ రైలుబండి అంటారు. కాలర్లు కుట్టడంలో ఆమె వేగం అలాంటిది. అంతటి మనిషి పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. నిన్న భోజనాల వేళ ఆమె కుట్టిన కాలర్లన్నీ ఎవరో విప్పేశారు. ఆ ఎవరో ఆమే. చేతిలో చిన్న కత్తెరతో సహా మేస్త్రి కళ్లారా చూశాడు. ఆమెకు మాత్రం అన్నం డబ్బా తెరిచినంత వరకే గుర్తుంది.

"ఇంకోసారి ఇలా అయితే పనిలోంచి తీసెయ్యక తప్పదు అమ్మాయ్" అన్నాడు మేస్త్రి.

సాయంత్రం డాక్టరమ్మ ఎదుట కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంది. చిన్నప్పటి దెబ్బలకు ఆమె మనసు వాటాలుగా విడిపోయిందని, అందుకే లోపల ఇంకొందరు ఉన్నారని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. దెయ్యమూ కాదు, నాటకమూ కాదు. మాటలతో, నెమ్మదిగా నయం చేసుకోవాల్సిన జబ్బు. ఆ నెమ్మదే రైలుబండికి గిట్టదు.

"ఆ విప్పేదాన్ని పంపించేయండి డాక్టరమ్మా. నా వేలితో నా కన్నే పొడుస్తోంది. నా కూటి మీద దానికెందుకంత పగ?"

"పంపేది లేదమ్మా. ఆమె కూడా మీరే. ఇంతకీ చొక్కాలో ఏమేం విప్పుతోంది?"

"కాలర్లే. జేబులు, చేతులు ముట్టుకోదు."

అంటూనే ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. చిన్నప్పటి గౌను మెడపట్టీని మెలిపెట్టి, తనను గోడకు నొక్కిన పిడికిలి ఒకటి కళ్లముందు మెదిలింది. ఊపిరాడలేదు.

డాక్టరమ్మ తవ్వి అడగలేదు. "ఇవాళ్టికి ఇక్కడితో ఆపుదాం. కాళ్లు నేలకు ఆనించి, గదిలో కనబడేవి చెప్పండి."

కుర్చీ, ఫ్యాను, కిటికీ అంటూ ఉంటే ఊపిరి దారికొచ్చింది.

"ఆమెది పగ కాదేమో. కాపాడుతున్నాననుకుంటోందేమో. ఆమెనే అడిగి చూడండి" అంది డాక్టరమ్మ.

మర్నాడు మేస్త్రి మళ్లీ కాలర్ల కట్టనే తెచ్చి పడేశాడు. ఆమె చెయ్యి అప్పుడే తనంతట తానే కత్తెర అందుకుంది. రైలుబండికి చచ్చేంత భయం వేసింది.

"బాబాయ్, కాలర్లు నేను కుట్టలేను. చేతులు కుడతా."

"అవి కొత్తవాళ్లు కుట్టేవి కదే. కాలర్లలో నీకు సాటెవరు?"

"తెలుసు. చేతులే ఇవ్వు."

మేస్త్రి ఆమె మొహం ఒకసారి చూసి, కట్ట మార్చాడు.

ఆమె మిషను మీదికి వంగి, తనకే వినబడేలా, లోపలున్న ఆమెతో అంది. "ఇక మెడ జోలికి పోను. ఇన్నాళ్లూ నువ్వు కాపలా ఉన్నావని నాకు తెలీలేదు."

కత్తెర పట్టుకున్న ఆ చెయ్యే దాన్ని సొరుగులో పెట్టి మూసింది. ఆ పని చేసింది తను కాదని రైలుబండికి తెలుసు. ఏడుపు ఆపుకోకుండానే మిషను తొక్కడం మొదలుపెట్టింది.