చివరి బెంచీలో అమ్మ

"రోజంతా బెంచీ మీద కూకొని వచ్చినదానికి అలుపేటే?" అంది అత్తగారు దయమ్మ, బియ్యం కడుగుతూ నడుం పట్టుకున్న కోడల్ని చూసి.

కారుణ్య బియ్యం పొయ్యి మీద పెట్టింది. కుళాయి ఆగిపోయేలోగా బట్టలు జాడించాలి, ఓడరేవు డాక్‌లో పనికి వెళ్ళే భర్త బ్లెస్సన్‌కి క్యారేజీ సర్దాలి, షైనీకి జడలు వేయాలి. ఆ తర్వాత కూతురితో పాటు తనూ బడికి వెళ్ళాలి. షైనీకి పుట్టుకతోనే వినపడదు. ఐదో క్లాసు చివరి బెంచీలో దాని పక్కన కూర్చుని, బతుకుతెరువుకి వచ్చిపడిన ఈ బెంగాల్ ఊళ్ళో టీచరు బెంగాలీలో చెప్పే ప్రతి మాటనీ చేతులతో సైగలు చేసి చెప్పాలి. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. ఆ సైగల భాష కూడా చర్చిలో ఒకామె దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నదే.

చేర్చుకునేటప్పుడే హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది. ఇలాంటి పిల్లల్ని కాదనకూడదని చట్టం ఉంది కాబట్టి తను కాదనడం లేదట; సైగల టీచరు మాత్రం లేదట; తల్లి వచ్చి కూర్చుంటే సరి, లేకపోతే కష్టపడేది పిల్లేనట. అంతకుముందు ఎన్ని బళ్ళ గేట్ల దగ్గరి నుంచి వెనక్కి తిరిగి వచ్చిందో కారుణ్యకి తెలుసు. నర్సింగ్ హోములో ఆయా పని మానేసింది. "నీ జీతం లేకపోతే మనకేటి గడవదా?" అన్నాడు బ్లెస్సన్, ఓదారుస్తున్నాననుకుని. అక్కడ ముసలి పేషెంట్లు తన కోసం గుమ్మం వైపు చూసేవారని, మధ్యాహ్నం టీ తాగుతూ తోటి ఆయాలతో నవ్వుకునేదని అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అతను అడగలేదు.

మొన్న సోమవారం విద్యాశాఖ ఆఫీసరమ్మ క్లాసులోకి వచ్చింది. చట్టాన్ని మార్చే ఆలోచన ఉందని, మాట రాని, వినపడని పిల్లలున్న బడిలో సైగల టీచరు లేకపోతే ప్రభుత్వమే ఒకరిని వేయాలన్నది అందులో ముఖ్యమని చెప్పింది. కారుణ్య బెంచీలోంచి సగం లేచింది. అంతలో హెడ్మిస్ట్రెస్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మాకు ఆ కొరత లేదు మేడమ్. ఈవిడే మా స్పెషల్ టీచరు."

ఇన్నాళ్ళూ పైవాళ్ళకి అలాగే చెబుతూ వచ్చింది కాబోలు. ఆఫీసరమ్మ కారుణ్య వైపు తిరిగి, నిజమేనా అని మెల్లగా అడిగింది.

కాదంటే హెడ్మిస్ట్రెస్ ఊరుకోదు. ఏదో వంక పెట్టి షైనీని పంపేస్తుంది. మళ్ళీ ఆ గేట్లు. అవునంటే ఈ బడికి టీచరు రాదు. ఆరో క్లాసు బెంచీ, ఏడో క్లాసు బెంచీ, పదో క్లాసు బెంచీ. ఈ టీచరుకి జీతమెవరిస్తున్నారని ఆఫీసరమ్మ ఇంకొక్క మాట అడిగితే బాగుండునని కారుణ్య ఆశగా చూసింది. ఆవిడ అడగలేదు. భుజం మీద చెయ్యి కదల్లేదు.

"అవును మేడమ్," అంది కారుణ్య.

ఆఫీసరమ్మ సంతోషించింది. ఇలాంటి బళ్ళు ఇంకా ఉండాలని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

షైనీ అమ్మ కొంగు లాగింది. ఏమడిగారని చేతులతో అడిగింది. నోటితో అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం చేతుల్లోకి రావడానికి చాలాసేపు పట్టింది. నీకు టీచరు ఉందా అని అడిగారు, ఉందని చెప్పాను, అంది కారుణ్య.

షైనీ క్లాసంతా కలయజూసింది. గుమ్మం దాకా వెళ్ళి, వరండాలోకి కూడా తొంగిచూసి వచ్చింది.

"ఏది?" అని అడిగింది.