హిమానీ నదం జ్ఞాపకార్థం

మే నెల మిట్టమధ్యాహ్నం, కారంపూడి బస్టాండు ఎదుట నేనొక హిమానీనదాన్ని నిలబెట్టాను. మూడు ఐసు దిమ్మలు పేర్చి, రెండు గంటలు ఉలితో చెక్కితే అచ్చం మంచుకొండే. కింద స్టీలు బేసిను, ఎదురుగా ట్రైపాడ్ మీద ఫోను. మనుషులెవరూ కనపడకుండా అది ఒంటరిగా కరగాలి. ఆ వీడియో సాయంత్రం ఆరులోపు హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి పంపాలి. సెలెక్టయితే ఆర్టు, కాకపోతే మళ్లీ కోడింగు ఉద్యోగం. ఇంట్లో ఒప్పందం అదీ. పెళ్లిళ్ల సీజను కాబట్టి ఇంకో దిమ్మ కూడా దొరకదు.

ముందొక అట్ట పెట్టాను. చోటు చాలక మాట విరిగింది. పైన ‘హిమానీ’, కింద ‘నదం జ్ఞాపకార్థం’.

రికార్డింగ్ నొక్కానో లేదో, మా వీధి చెన్నమ్మ మామ్మ బేసిన్లో చెంబు ముంచేసింది.

“మామ్మా, తాగడానికి కాదది!”

“చలివేంద్రం పెట్టి తాగొద్దంటావేందే?” అట్ట కూడబలుక్కుంది. “హిమాని... నదం వాళ్లమ్మాయా? ఎట్టా పోయింది?”

“ఎండకి,” అన్నాను. అబద్ధమేం కాదుగా.

“అయ్యో, వడదెబ్బ!” మామ్మ రోడ్డువైపు తిరిగి కేకేసింది. “రండర్రా! పాపం, ఆ పిల్ల పేరు మీద ఐసు నీళ్లు!”

మాచర్ల బస్సు బస్సంతా దిగింది. “నదం వాళ్లు వెల్దుర్తిలో ఉండాలే,” అన్నాడు కండక్టరు. సోడాబండి ఫిరోజ్ గ్లాసులు తెచ్చి, స్క్రూడ్రైవరుతో శిఖరం పగలగొట్టాడు.

“ఫిరోజ్! రెండు గంటలు చెక్కానురా దాన్ని!”

“అందుకే అక్కా, చానా తేలిగ్గా పగులుతుంది.”

ఎవరో నిమ్మకాయలు పిండారు. ఎవరో ఉప్పడిగారు. సాయంత్రం దాకా కరగాల్సిన హిమానీనదం ఇరవై నిమిషాల్లో కడుపుల్లోకి పోయింది.

ఖాళీ బేసిను పక్కన కూలబడి వీడియో చూసుకున్నాను. అన్నీ చేతులే, గ్లాసులే. కానీ తాగిన ప్రతివాళ్లూ “అయ్యో, హిమానీ” అంటున్నారు. హిమానీనదాలు కరిగిపోతున్నాయని రెండేళ్లు గ్రాఫులు చూపించినా ఒక్కరి చేత ‘అయ్యో’ అనిపించలేకపోయాను. ఎక్కిళ్లొచ్చేలా నవ్వి, ఒక్క ముక్క కత్తిరించకుండా పంపేశాను.

పదో రోజు మెయిలొచ్చింది. సెలెక్టెడ్! చెప్పులేసుకోకుండానే మామ్మ ఇంటికి పరిగెత్తాను.

“మామ్మా! హైదరాబాదులో పెద్ద హాల్లో పెడతారంట, మన హిమానిని!”

“దినం హైదరాబాదులోనా? బస్సు మాట్లాడవే,” అంది మామ్మ. “అందరం వస్తాం.”